ఎత్తు బంగారం

శ్రావణ మాసం, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఐలమ్మ వరంగల్‌లో మా బెల్లం దుకాణం ముందు నిలబడి, చంకలో ఉన్న కొడుకును తూచమని అడిగింది. దుకాణం గడియారం ఐదు నిమిషాలు ముందుండేది. ఆ ఐదు తీసేసే చెబుతున్నాను. డెబ్బైల చివరి రోజులవి. నాకు పందొమ్మిదేళ్లు. మధ్యాహ్నం బాపు, అంటే మా నాన్న, కునుకు తీసే వేళ గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా తమ్ముడి కొడుకు దుకాణం ఖాళీ చేసి, పెద్ద కాంటా పళ్లెం ఒకటి తెచ్చి నా గదిలో గోడకు ఆనించి వెళ్లాడు. రెండోది ఎక్కడని అడిగితే, ఒకటే దొరికిందన్నాడు. మా కాంటాకు రెండు పళ్లాలుండేవి, దూలానికి గొలుసులతో వేలాడుతూ. ఎడమ దాంట్లో సరుకు, కుడి దాంట్లో బాట్లు, అంటే తూకపు రాళ్లు. ఇప్పుడు నా దగ్గరున్నది ఏ వైపుదో నాలుగు రోజులు తిప్పి తిప్పి చూశాను. రెండింటి అడుగూ ఒకేలా అరిగి ఉంటుంది కాబోలు, తేల్చుకోలేకపోయాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఇంకా బెల్లం వాసనే, ఇనుము వాసనతో కలిసి.

మా వైపు పిల్లలను ఊరికే తూచరు, ఆయుష్షు తరుగుతుందని. తూస్తే సమ్మక్క తల్లికే తూచాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూయించుకుని అక్కడ సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని ఎవరూ బెల్లమనరు, బంగారం అంటారు. జాతర నెలలో మా దుకాణం ముందు మనుషులు బారులు తీరి, ఒక పళ్లెంలో తాము కూర్చుని, రెండో దాంట్లో బంగారం వేయించుకుని పోయేవాళ్లు. కానీ అది శ్రావణం. అలికిడికి లేచి వచ్చిన బాపు కళ్లు నులుముకుంటూ అడిగాడు.

“జాతర ఇంక ఆర్నెల్లున్నది గదమ్మా. గిప్పుడెందుకు?”

“ముందుగాల ఎంతనో ఎరుకైతె గప్పుడు మొక్కుకుంట శావుకారి. మొక్కినంక సాలకపోతె తల్లితోని పరాష్కమా?”

పిల్లవాడికి నాలుగేళ్లు దాటాయని ఆమె చెబితే తప్ప తెలియదు. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి, గోళ్లు కూడా అదే రంగు. పళ్లెంలో కూర్చోబెడితే గొలుసు పట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు, కాంటా నిలవనివ్వకుండా. పేరు సమ్మయ్య.

“శావుకారి, నేనెంతకైత?” అన్నాడు.

“నిన్ను కొనెటంత గల్లా నా తాన లేదు గని, జర ఊగకుండ కూసో.”

పది కిలోల నాలుగు వందల గ్రాములు. పుట్టుకతోనే గుండెకు రంధ్రం ఉందట. పెద్ద దవాఖానలో చెప్పారట, హైదరాబాదులో ఆపరేషన్ చేయాలి, దానికి పిల్లవాడు కనీసం పదకొండు కిలోలన్నా రావాలి అని. నెక్కొండ అవతల ఏదో పల్లె నుంచి పొద్దున పాసింజరుకు వచ్చి, దవాఖానలో చూపించి, ఎక్కడ పడుకోవాలో తెలియక బజారుకు వచ్చింది. భర్త కొమురయ్య కూలికి పోతాడు, వారానికోసారి వస్తాడు. బాపు నావైపు చూశాడు. నేను యాకూబ్ భాయ్‌ని పిలిచాను. మా దుకాణం ముందే రిక్షా పెట్టుకునేవాడు. “దవాఖాన గల్లీకేనా? అత్తమ్మ కాడికేనా?” అని తానే అడిగి, పిల్లవాణ్ని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టాడు.

అత్తమ్మ అంటే మా మేనత్త, బాపు అక్క. మా ఇల్లు దవాఖాన వెనక గల్లీలో ఉండేది. ముందు అరుగు, వెనక వంటిల్లు, పక్కన బెల్లం బస్తాలు పెట్టే అర్ర. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేసరికే ఆ అరుగు మీద పిల్లల వార్డు తల్లిదండ్రులు ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. గుండె జబ్బు పిల్లలవాళ్లు ఎక్కువ. మిగతా జబ్బులవాళ్లు వారం పది రోజుల్లో ఏదో ఒకటి తేలి వెళ్లిపోయేవాళ్లు. గుండె జబ్బువాళ్లు నెలలు ఉండేవాళ్లు, వచ్చి పోతూ ఉండేవాళ్లు. పొద్దున ఐదింటికి అత్తమ్మ రెండు పొయ్యిలు వెలిగించేది. ఒకదాని మీద మా వంట. రెండోదాని మీద చప్పిడి వంట, చిటికెడు ఉప్పు కూడా పడనిది. పెసరపప్పు కట్టు, మెత్తటి అన్నం, నేతిలో జీలకర్ర. రెండు పొయ్యిల గరిటెలు కలవకుండా చప్పిడి గరిటె కాడకు ఎర్రదారం కట్టింది. ఆ గరిటె నేను పొరపాటున మా చారులో పెడితే గిన్నెడు పప్పు పారబోసి, మళ్లీ వండింది. పప్పు కట్టు పొంగే వాసన, పక్క అర్రలో నుంచి వచ్చే బెల్లం వాసన, అరుగు మీద ఆరేసిన తడి చీరల వాసన కలిపి మా ఇంటి వాసన. ఇంకెక్కడా అది నాకు తగల్లేదు.

ఆ బెల్లం అర్రకు ఒక పద్ధతి ఉండేది. ఏడవాలనుకున్న తల్లి అందులోకి పోయి తలుపు వేసుకోవాలి. పిల్లల ముందు గానీ, వార్డులో గానీ ఏడవకూడదు. లోపల ఎంతసేపున్నా ఎవరూ తలుపు కొట్టరు, బయటికి వచ్చాక ఎవరూ ఏమీ అడగరు. చీర కొంగుకు పట్టిన చీమలను మాత్రం అత్తమ్మ దులిపేది. ఎందుకిదంతా నెత్తికెత్తుకున్నావని ఒకసారి అడిగాను.

“దవాఖానల మందు దొరుకుతది, నీళ్లు దొరుకుతయి. ఏడ్వనీకె జాగ దొరకది. మన తాన ఉన్నదాయె” అంది, పప్పు కలుపుతూనే.

నా పని వేరే. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ నన్ను ఐలమ్మ వెంట దవాఖానకు పంపింది. “నువ్వు సదువుకున్నవు కదనే. ఆ కొత్త డాక్టరు తెలుగు నీకు ఎరుకైతది. పో, ఆయనకు ఈమె మాట చెప్పు, ఈమెకు ఆయన మాట చెప్పు.” తెలుగు నుంచి తెలుగుకు దుబాసీ పని చేసినవాళ్లు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను చాలా నెలలు చేశాను, ఇష్టంగానే చేశాను. ఏ మాట ఎక్కడ జారిపోతుందో చూడటం అప్పట్లో నాకు సినిమా కంటే ఎక్కువ.

డాక్టరుది కృష్ణా జిల్లా. చిన్నవాడు, ముప్పై దాటి ఉండడు. వరంగల్‌కు వచ్చి అప్పటికి రెండు నెలలు. కోపం లేని మనిషి. స్టెతస్కోపు చల్లగా ఉంటుందని పిల్లల ఛాతీ మీద పెట్టేముందు అరచేతిలో పెట్టి రుద్దేవాడు. ఆ రోజు సమ్మయ్యను చూసి, ఐలమ్మతో నిదానంగా, “చూడమ్మా, మీ బిడ్డకి గుండెలో రంధ్రం ఉంది. పుట్టుకతోనే ఉంది. జాగ్రత్తగా చూసుకోవాలి” అన్నాడు. ఐలమ్మ ముఖం తెల్లబోయింది.

“బిడ్డకు సుతనా సారూ? బిడ్డ ఇంటికాడ మంచిగనే ఉరుకుతాంది గదా. దాన్ని మీరు సూడనే లేదాయె.”

ఆమెకు సమ్మయ్య కంటే పెద్దది ఒక కూతురు ఉంది, పల్లెలో నాయనమ్మ దగ్గర. మాకు బిడ్డ అంటే ఆడపిల్లే. కొడుకు కొడుకే, బిడ్డ బిడ్డే. చూడకుండానే కూతురి గుండెకు కూడా రంధ్రం పెట్టాడేమో ఈ సారు అని ఆమె భయం. నేను ఇద్దరికీ విడమరిచి చెబితే డాక్టరు చాలాసేపు నవ్వాడు, ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏమీ తెలియని సమ్మయ్య అందరికంటే ఎక్కువ నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి డాక్టరు ప్రతి తల్లితోనూ “మీ కొడుకు” అనో “మీ బిడ్డ” అనో చూసి మాట్లాడేవాడు. ఈ ఊరి తెలుగు తనకు వచ్చేసిందని చెప్పుకునేవాడు కూడా.

వారానికోసారి సమ్మయ్యను మా కాంటా మీద తూచేవాళ్లం. దవాఖానలో కాంటా లేక కాదు. మొక్కు మా కాంటా మీద మొదలైంది కాబట్టి లెక్క కూడా దాని మీదే నడవాలని ఐలమ్మ పట్టుదల. రెండో వారం పదకొండు కిలోలకు వంద గ్రాములే తక్కువ. బాపు సంతోషపడి, పిల్లవాడి చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. నేను పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన వచ్చి సమ్మయ్య మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక కూడా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. వాపు చూసి బలుపు అనుకోవద్దని సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది మనుషుల గొప్పల గురించి కాక, నిజంగా ఒక పిల్లవాడి కాలి గురించి కూడా అని ఆ రోజే తెలిసింది. ఒంట్లో నీరు చేరితే వచ్చిన బరువు అది. మందు వేశారు. అత్తమ్మ ఎర్రదారం గరిటెను ఇంకా గట్టిగా పట్టుకుంది. తరువాతి తూకంలో తొమ్మిది కిలోల తొమ్మిది వందలకు దిగాడు. ఆ మధ్యాహ్నం ఐలమ్మ బెల్లం అర్రలోకి పోయి చాలాసేపటికి బయటికి వచ్చింది.

కానీ అక్కడి నుంచి పెరిగినదంతా నిజం బరువు. గంటకోసారి రెండు ముద్దలు, ఎక్కువ పెడితే దమ్మొచ్చి ఆయాసపడతాడు. తినిపించడానికి అత్తమ్మ ఒక ఉపాయం చేసింది. “ఈ ముద్ద కుడి పళ్లానిది, ఈ ముద్ద ఎడమ పళ్లానిది. ఒకటి తిని ఇంకోటి తినకపోతె ఒంటిపక్కకు పడిపోతవ్” అనేది. వాడు నమ్మేవాడో లేదో గానీ, రెండు ముద్దలూ తిని, చేతులు రెండు వైపులా చాపి, కాంటాలాగా నిలబడేవాడు. యాకూబ్ భాయ్ సాయంత్రం వచ్చి, “ఏమ్రా బంగారం, ఎంత తూగినవ్?” అని అడిగేవాడు. “మస్తు” అనేవాడు సమ్మయ్య.

దసరా ముందు డాక్టరు ఇక కాగితం రాస్తానన్నాడు. ఆపరేషన్ ఖర్చు భరించే దాతల సంఘం ఒకటి హైదరాబాదులో ఉంది. ఈ కుటుంబం పేదదని ఇక్కడి డాక్టరు రాసి పంపితే వాళ్లు వరుసలో పెడతారు. ఆ మాట మాట్లాడటానికి ఆయన ఐలమ్మను పిలిచిన రోజు సుబేదారిలో నాకు టైపు పరీక్ష. ఇద్దరికీ ఇప్పుడు ఒకరి మాట ఒకరికి తెలుస్తోంది కదా అనుకుని, నేను గానీ, అత్తమ్మ గానీ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు జరిగింది తరువాత ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను, రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. డాక్టరు అడిగాడట, “ఆపరేషన్‌కి మీరేమైనా పెట్టుకోగలరామ్మా?”

“మా తాన ఏమున్నది సారూ. వాని ఎత్తు బంగారమైతె మొక్కుకున్న. అది ఎట్లన్న జేసి ఇస్త.”

“వాడి ఎత్తు బంగారమా?”

“అవు సారూ, నిలువెత్తు. కాంటా మీద తూపిచ్చుకున్న సుత. శావుకారి తాన ఉన్నది, ఎప్పుడంటె అప్పుడు తీస్కపోవచ్చు.”

ఆయన ఇంకేమీ అడగలేదు. చిరుగుల చీర కట్టుకుని వచ్చి, షావుకారు దగ్గర కిలోల కొద్దీ బంగారం దాచుకున్న మనిషి అనుకున్నాడు. కాగితం పక్కన పెట్టాడు. మందులు మాత్రం ఎప్పటిలాగే ఇచ్చాడు, స్టెతస్కోపు ఎప్పటిలాగే అరచేతిలో రుద్దాడు. అందుకే మాకు అనుమానం రాలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు నేనే వెళ్లి, హైదరాబాదు నుంచి కబురేమన్నా వచ్చిందా అని అడిగాను.

“నిజంగా లేనివాళ్లు వరుసలో చాలామంది ఉన్నారమ్మా” అన్నాడు, తల ఎత్తకుండా. “అంత బంగారం ఇవ్వగలిగినవాళ్లు...”

నాకు నవ్వు రాలేదు. “ఆ బంగారం మా ఇంట్లో బస్తాల్లో ఉంటుంది సార్. చీమలు పట్టకుండా చూసుకోవడమే మా పని. బెల్లం సార్ అది” అన్నాను. ఆయన కలం కింద పెట్టాడు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తుంది: “బెల్లాన్ని బంగారం అని ఎందుకంటారు?”

నాకు తెలియదు. అప్పటిదాకా ఆ ప్రశ్న పుట్టనే లేదు. ఆయన కాగితం రాస్తూండగా ఎదురుగా నిలబడి ఆలోచించాను. ఈ వయసుకు కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. రంగు ఒకటేనని కొందరంటారు. అడవి దేవతకు అడవి మనుషులు ఇవ్వగలిగిన తీపి అదేనని కొందరంటారు. అత్తమ్మను అడిగితే, “ఉన్నోళ్లకు ఉన్న పేరు లేనోళ్లు పెట్టుకుంటె ఎవని సొమ్ము పోయింది?” అంది. ఒకరి సొమ్మూ పోలేదు నిజమే. తొమ్మిది రోజులు పోయాయి.

కార్తీకంలో పిలుపు వచ్చింది. బయలుదేరే రోజు పొద్దున సమ్మయ్యను ఆఖరుసారి తూచాం. పదకొండు కిలోల రెండు వందల యాభై గ్రాములు. డాక్టరు దవాఖాన నుంచి నడిచి మా దుకాణానికి వచ్చి, ముందు మోకాలి కింద నొక్కి చూసి, గుంట పడలేదని నిర్ధారించుకుని, అప్పుడు ముల్లు చూశాడు. వెళ్తూ వెళ్తూ బంగారం ఒక కిలో కావాలని అడిగి కొనుక్కున్నాడు. ఐలమ్మ, కొమురయ్య, పిల్లవాడు యాకూబ్ భాయ్ రిక్షాలో స్టేషన్‌కు పోయారు. అత్తమ్మ ఒక డబ్బాలో చప్పిడి అటుకులు, ఇంకో డబ్బాలో ఉప్పు వేసినవి కట్టి, ఉప్పు లేని డబ్బాకు గరిటె మీది ఎర్రదారం విప్పి చుట్టింది.

నెల దాటాక వాళ్లు వచ్చే బండి తెలిసి యాకూబ్ భాయ్ స్టేషన్‌కు వెళ్లాడు. ఖాళీ రిక్షా తోలుకుని దుకాణం ముందుకు వచ్చాడు. దిగలేదు. హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాడు. “ఇద్దరే దిగిండ్రు శావుకారి. ఎక్కుండ్రి అంటె ఎక్కలే. నెక్కొండ బండి వచ్చేదాక ఆడనే కూసుంటమన్నరు.” ఆపరేషన్ రెండు రోజులుందనగా జ్వరం పట్టుకుందట. మళ్లీ రోజు పెట్టేలోగా అయిపోయిందట. ఆ మధ్యాహ్నం అత్తమ్మ చప్పిడి పొయ్యి వెలిగించింది. అరుగు మీద అప్పటికి ఇంకో ఇద్దరు పిల్లలవాళ్లు ఉన్నారు. తినిపించి, చేతులు కడుక్కుని, తానే బెల్లం అర్రలోకి పోయి తలుపు వేసుకుంది. అంతకుముందు గానీ, ఆ తరువాత గానీ ఆమె అలా పోగా నేను చూడలేదు.

మాఘంలో జాతర వచ్చింది. బారులు తీరిన మనుషుల్లో ఒక పొద్దున ఐలమ్మ కనిపించింది, ఒక్కతే, చేతిలో ఖాళీ సంచి. తన వంతు దాకా నిలబడే వచ్చింది.

“కాంటా వెయ్యి శావుకారి. వాని బంగారం.”

బాపు బాట్ల మీద నుంచి చేయి తీశాడు. “అమ్మా, ఆ మొక్కు ఇగ నీ మీద లేదు. తల్లి అడుగది.”

“బతికితె ఇస్త అని మొక్కలే శావుకారి. గా మాట నా నోట్లకెళ్లి రాలే. ఎత్తు బంగారం ఇస్త అన్న. గంతే.” తరువాత నావైపు తిరిగింది. “నీకు యాదికుంటది గద కమ్లమ్మా. ఎంత?”

నాకు అన్నీ గుర్తున్నాయి. ఏ తూకం చెప్పాలో తెలియక, మొదటిదా, చివరిదా అని అడిగాను.

“సివర్ది. మీ అత్తమ్మ పెట్టిన తిండి సుత వాని పెయ్యికి పట్టిందే గద.”

బాపు కుడి పళ్లెంలో బాట్లు పెట్టాడు. పది కిలోలది, కిలోది, రెండు వందలది, యాభైది. వాడు కూర్చున్న ఎడమ పళ్లెంలో బెల్లం ముద్దలు పడ్డాయి. ముల్లు మధ్యకు వచ్చింది. బాపుకు చేతి అలవాటు ఒకటుండేది; ఏ గిరాకీకైనా తూకం అయ్యాక చిన్న ముక్క ఒకటి కొసరుగా వేసేవాడు, జాతర రోజుల్లో కూడా మానేవాడు కాదు. ఆ రోజు కూడా వేశాడు, చూసుకోకుండానే. పళ్లెం మొగ్గింది. ఐలమ్మ ఆ ముక్కను తీసి గల్లా మీద పెట్టింది.

“కొసరు వద్దు శావుకారి. వాడెంతనో గంతే.”

పైసలు బాపు వద్దంటే ఆమె ఊరుకోలేదు, కొంగుముడి విప్పి ఇచ్చింది. యాకూబ్ భాయ్ సంచి ఎత్తబోతే, “నేనే ఎత్తుకుంట భాయ్. ఎత్తుకున్న బరువే గద” అని చంకకు ఎత్తుకుంది, నెత్తికి కాదు. జాతర బస్సుల వైపు నడిచింది.

ఇప్పుడు పిల్లల గుండె రంధ్రాలను తొడలోంచి తీగ పంపి మూసేస్తున్నారు, కోయకుండానే. కార్డు చూపిస్తే ఖర్చు ప్రభుత్వానిది. నెలలోపు పిల్లలకు కూడా ఆపరేషన్ చేస్తున్నారు, బరువు కోసం ఇన్నాళ్లు ఆగమనరు. పోయిన వారం మా పక్కింటి పిల్లను చూడటానికి వెళితే వార్డు బయట తల్లులకు కుర్చీలు, ఫ్యాన్లు, తాగే నీళ్లు ఉన్నాయి. ఒకామె ఆ కుర్చీలో కూర్చుని ఏడుస్తోంది, వచ్చేపోయేవాళ్లందరి ముందూ. చుట్టూ చూశాను, తలుపున్న గది ఏదైనా ఉందేమోనని. లేదు. మిగతావన్నీ అప్పటి కంటే ఇప్పుడే మేలు, అందులో నాకు సందేహం లేదు.

ఆ తొమ్మిది రోజుల గురించి డాక్టరును ఒకసారి అడిగాను, ఆయన బదిలీ అయి వెళ్లే ముందు. ముందు పంపి ఉంటే వరుసలో ముందుండేవాడా అని. “చెప్పలేనమ్మా” అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయనంటే గౌరవం పెరిగింది. బాపు, అత్తమ్మ, యాకూబ్ భాయ్ ముగ్గురూ పోయారు. వాళ్లు వయసుకు పోయారు, అది ఈ లెక్కలోకి రాదు. ఈ లెక్కలో పోయినవి ఇవి: ఒక మాట వల్ల తొమ్మిది రోజులు. కాంటా పళ్లెం ఒకటి, ఎడమదో కుడిదో తెలియదు. సమ్మయ్య, పదకొండు కిలోల రెండు వందల యాభై గ్రాములు, కొసరు లేకుండా.